వాడి వంతు వచ్చేదాకా

రెండేళ్లు నిండేసరికి మా వాడికి వచ్చిన నాలుగు మాటలూ పోయాయి. అమ్మ, తాత, బువ్వ, పాలు అనేవాడు, ఒక్కొక్కటే మానేశాడు. పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. బొమ్మకారును వెల్లకిలా వేసి, చక్రాన్ని వేలితో తిప్పుతూ పూటంతా కూర్చునేవాడు. చెవుడేమో అనుకుందామంటే, కుక్కర్ కూత పెడితే రెండు చెవులూ మూసుకుని గోడకేసి తల బాదుకునేవాడు.

మాది కావలి. మా ఆయన రైస్ మిల్లులో గుమస్తా, నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. మొదట్లో అందరూ ధైర్యం చెప్పారు. "వాళ్ల నాయన కూడా నాలుగేళ్లకు గానీ నోరు విప్పలా" అంది అత్తమ్మ. వసకొమ్ము అరగదీసి నాకించారు. పెంచలకోనకు మొక్కుకున్నాం. ఒక పిల్లల డాక్టరు కూడా, మగపిల్లలకు మాటలు ఆలస్యమేలే, మూడేళ్లు రానివ్వండి అన్నారు.

నాకు మనసు నిలవలేదు. నెల్లూరు తీసుకెళ్లి చెవుల పరీక్ష చేయించాం. వినికిడి బాగానే ఉంది. ఆ తర్వాత ఒక కాగితం చూసి ఇరవై ప్రశ్నలు అడిగారు. 16 నుంచి 30 నెలల పిల్లలకు వాడే ప్రశ్నలట అవి. వాటిలో ఒకటి నాకు ఇప్పటికీ గుర్తుంది: ఏదైనా నచ్చితే మీకు చూపించాలని వేలు చాపుతాడా? ఎన్నడూ చాపలేదు. కుక్కను గానీ, రైలును గానీ, ఆకాశంలో విమానాన్ని గానీ నాకు చూపించలేదు. మరికొన్ని పరీక్షలయ్యాక ఆటిజం అన్నారు.

తర్వాతి రోజుల్లో డబ్బూ పోయింది, పిల్లాడూ నలిగాడు. ఒక ప్రైవేటు సెంటర్లో చేర్పించాం. గంటకు ఇంత అని ఫీజు. గొలుసు తాకట్టు పెట్టాను. తల్లి లోపలుంటే మాట వినడని తలుపు వేసేవాళ్లు. కుర్చీకి బెల్టు పెట్టి కూర్చోబెట్టి బొమ్మల కార్డులు చూపించేవాళ్లు. వాడి ఏడుపు బయట బెంచీ మీదకు వినబడేది. కొన్నాళ్లకు ఆటో ఆ వీధి మలుపు తిరగ్గానే వాంతి చేసుకోసాగాడు. పసుపు కార్డు ముట్టుకోమంటే ముట్టుకోవడం నేర్చాడు, నిజమే. ఇంటికొస్తే మాత్రం దాహమేసినా నా దగ్గరకు వచ్చేవాడు కాదు. అక్కడ మాన్పించాం.

నెల్లూరులోనే ప్రభుత్వ కేంద్రం ఉందని ఎవరో చెబితే వెళ్లాం. అక్కడి థెరపిస్టు నాకంటే చిన్నది. మా ఇద్దరినీ చాప మీద కూర్చోబెట్టింది. నేను అలవాటుగా "ఇదేంటి నాన్నా, ఇదేం రంగు" అని మొదలుపెట్టాను. "అడగొద్దమ్మా, అది వాడికి పరీక్షలా ఉంటుంది. వాడేం చేస్తున్నాడో మీరూ అదే చేయండి" అంది. తనూ ఒక కారు వెల్లకిలా వేసి వాడి పక్కన చక్రం తిప్పసాగింది. వాడు ఆపితే తనూ ఆపింది. వాడు మళ్లీ తిప్పితే తనూ తిప్పింది. చాలాసేపటికి వాడు తన చక్రం వదిలి ఆమె చేతి వైపు చూశాడు. "మొదట ఇది రావాలి. మాటలు దీని వెనక వస్తాయి" అంది.

ఇంట్లో చేయమన్నవి చూడబోతే మన ఇళ్లలో ఎప్పుడూ ఆడేవే: దోబూచులాట, చప్పట్లు, ఉప్పుబస్తా, గుజ్జనగూళ్లు. తేడా అంతా ఆపడంలో ఉంది. దుప్పట్లో వేసి ఊపుతాం. వాడికి సరదా ఎక్కిన చోట ఆపి, ఎదురుచూస్తాం. వాడు చూసినా, చెయ్యి కదిపినా, చిన్న శబ్దం చేసినా అదే వాడి వంతు. వెంటనే మళ్లీ ఊపాలి. కళ్లలోకి చూడమని గడ్డం పట్టుకుని బలవంతం చేయకూడదు. తడి చపాతీ పిండి తగిలితే కేకలు పెట్టేవాడు కాబట్టి పొడి పిండితో మొదలుపెట్టాం. కుక్కర్ భయానికి బొమ్మ కుక్కర్ కొని, నేనే నోటితో కూత పెట్టేదాన్ని. మూత పెట్టి ఆగేదాన్ని. ఒకరోజు నేను ఆగినచోట వాడే "కూ" అన్నాడు. మాటలు పోయాక నాతో వాడన్న మొదటి మాట అదే.

చెప్పినంత తేలిక కాదు. ఏమీ జరగని ఆటను రోజూ ఆడటం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. నడుము పట్టేసేది. జాకెట్లు ఆలస్యమై గిరాకీ పోయింది. "పని మానేసి పిల్లోడితో నేలన పడి ఆడుకుంటా వుండావే" అని అత్తమ్మ సణిగేది. ఆడటం తనకు రాదని ఆయన తప్పుకునేవారు. థెరపిస్టు ఆయన్నీ రప్పించి ఉప్పుబస్తా ఒక్కటే అప్పజెప్పింది. నాలుగడుగులు వేసి ఆగాలి, వాడు వీపు మీద తడితే నడవాలి. ఇప్పుడు ఆయన మిల్లు నుంచి రాగానే వాడు వెళ్లి వెనక నిలబడతాడు. మధ్యలో జ్వరమొచ్చి, వచ్చినవన్నీ పోయి మొదటికొచ్చాం. పెళ్లి బాజాలకు వాడు కింద పడి దొర్లితే, బిడ్డను పెంచడం రాదని నా ముందే అన్నారు.

ఈ పద్ధతి నమ్మొచ్చా అని నేను అడిగితే ఆ థెరపిస్టు గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో జరిగిన పరిశోధన గురించి చెప్పింది. 65 మంది పిల్లల ఇళ్లలో, నిపుణులు కానివాళ్లకు శిక్షణనిచ్చి తల్లిదండ్రులకు నేర్పించారట. పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగిందట. ఆటిజం పోతుందని మాత్రం ఆమె ఎన్నడూ అనలేదు. అందుకే ఆమె మాట నమ్మాను.

వాడికిప్పుడు ఐదేళ్లు. రెండు మూడు పదాలు కలిపి అడుగుతాడు. పిన్నమ్మ కూతురితో బంతి ఆడి, తన వంతు కోసం ఆగుతాడు. నలుగురు పిల్లలుంటే ఇంకా బెదురుతాడు. బజారు చప్పుడు ఇప్పటికీ పడదు. మొన్న గేటు పడిన చోట రైలు వస్తుంటే నా చెయ్యి లాగి, వేలు చాపి చూపించాడు.

నాలాంటి తల్లులకు చెప్పేది ఇదే. పిల్లాడు పిలిస్తే పలక్కపోతే, వేలు చాపకపోతే, వచ్చిన మాటలు పోతే మూడేళ్ల దాకా ఆగొద్దు. ముందు చెవుల పరీక్ష చేయించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి, అక్కడ డబ్బు అడగరు. కేంద్ర ప్రభుత్వం 2021 జూన్‌లో ప్రారంభించిన ఇలాంటి మరో 14 కేంద్రాల్లో సికింద్రాబాద్, నెల్లూరు ఉన్నాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజాన్ని వైకల్యంగా చేర్చారు కాబట్టి వైకల్య సర్టిఫికెట్ తీసుకోండి. నిరామయ బీమాలో థెరపీ ఖర్చుకూ వీలుంది. ప్రైవేటుకు వెళ్తే, స్పీచ్ థెరపిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. మమ్మల్ని లోపల కూర్చోనిస్తారా అని కూడా అడగండి. కూర్చోనివ్వం అంటే లేచి వచ్చేయండి. వారంలో ఒకటి రెండు గంటలు వాళ్లు ఆడిస్తారు, మిగతా వారమంతా బిడ్డ ఉండేది మన దగ్గరే. ఆ ఆట మనకు నేర్పని చోట డబ్బు కట్టడం దండగ.