పదిహేడో ఏడు

2017 అక్టోబరు 9వ తేదీ రాత్రి నాకు నేటికీ స్పష్టంగా జ్ఞాపకముంది. ఆ సంవత్సరం పదిహేడేళ్లలోపు బాలుర ప్రపంచకప్ ఫుట్‌బాల్ పోటీలకు మన దేశం తొలిసారిగా ఆతిథ్యమిచ్చింది. ఇరవై నాలుగు దేశాల జట్లు ఆరు నగరాల్లో తలపడ్డాయి. ఆ ఆరింటిలో హైదరాబాదు లేదు. అందుచేత మేడ్చల్‌లోని మా ఇంట్లోనే నేనూ, మా అబ్బాయీ టీవీ ముందు కూర్చున్నాం. ఢిల్లీలో భారత జట్టు కొలంబియాతో ఆడుతోంది.

ఎనభై రెండో నిమిషంలో కార్నర్ నుండి వచ్చిన బంతిని మణిపూర్ కుర్రవాడు జీక్సన్ సింగ్ తలతో కొట్టి గోలు చేశాడు. ప్రపంచకప్ ఫుట్‌బాల్ పోటీల్లో భారతదేశం చేసిన మొట్టమొదటి గోలు అది. మావాడు కేకవేసి గాలిలోకి ఎగిరాడు. ఆ కేక ఇంకా చల్లారకముందే కొలంబియా మరో గోలు చేసి 2-1తో గెలిచింది. ఓడినందుకు మావాడు బాధపడలేదు కాని, “నాన్నా, ఆ జట్టులో మన తెలుగువాడు ఒక్కడైనా లేడేం?” అని అడిగాడు.

లేకపోవడం కొత్త సంగతి, ఉండడమే పాత సంగతి అని చెప్పాను. మేడ్చల్ నుండి సికింద్రాబాదు వెళ్లే రైలుమార్గంలో అమ్ముగూడ అనే చిన్న స్టేషను ఉంది. తులసీదాస్ బలరాం ఆ ఊరివాడు. బడిపంతులుగా పనిచేసి భారత జట్టుకు శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీం అతని ఆటను గుర్తించాడు. రోజూ నగరానికి వచ్చే స్తోమత లేదని కుర్రవాడు చెబితే, సైకిలు అద్దెకు రహీం తానే డబ్బిచ్చాడట. ఆ బలరాం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన జట్టులో ఆడాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం సాధించిన జట్టులోనూ ఉన్నాడు. తరువాత 1974లో బ్యాంకాక్‌లో ఆసియా యువజన ఫుట్‌బాల్ పోటీలు జరిగినప్పుడు మన జట్టుకు నాయకుడు హైదరాబాదు యువకుడు షబ్బీర్ అలీ. ఫైనల్లో ఇరాన్‌తో 2-2గా సమం చేసి, భారతదేశం ఆ దేశంతో కలిసి సంయుక్త విజేతగా నిలిచింది. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లే.

ఇవన్నీ గర్వంగా చెప్పిన నేనే, ఆ తరువాత నెల తిరగకముందే మరొక మాట చెప్పాను. మావాడు అప్పుడు ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. జిల్లా జట్టు ఎంపికకు వెళ్తానని అడిగాడు. “రెండేళ్లు ఓపిక పట్టు. ఇంజనీరింగులో సీటు వచ్చాక ఎంతైనా ఆడుకో” అన్నాను. వాడు ఎదురు చెప్పలేదు. బూట్లను వార్తాపత్రికలో చుట్టి అటక మీద పెట్టాడు.

అనుకున్నట్టే సీటు వచ్చింది. ఆ సాయంత్రం వాడు అటక మీది పొట్లాన్ని దించి విప్పాడు. ఎండిన మట్టి అలాగే ఉంది. పాదం మాత్రం లోపలికి వెళ్లలేదు. “ఆగమన్నావు, నేను ఆగాను నాన్నా. కాళ్లే ఆగలేదు” అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పెద్దల ప్రపంచకప్‌లో ఒకసారి చోటు దక్కనివాడు నాలుగేళ్లు ఎదురుచూడవచ్చు. యువజన పోటీలకు ఆ వెసులుబాటు లేదు. 2017 పోటీల్లో ఆడాలంటే 2000 జనవరి 1న గాని, ఆ తరువాత గాని పుట్టి ఉండాలి. ఒక్క రోజు ముందు పుట్టినా ప్రవేశం లేదు. వయసు దాటినవాడు ఎంత నేర్పరి అయినా ఆ గీతకు వెలుపలే నిలబడాలి. నేను తేలికగా అడిగిన రెండేళ్లు ఆ వయసుకు ఉన్న మొత్తం గడువు. మావాడు దేశం తరఫున ఆడేవాడని నేను అనను. జిల్లా జట్టులోనే చోటు దొరకకపోయి ఉండవచ్చు. కాని ఆ సంగతి తేల్చుకునే హక్కు వాడిది. దానిని వాడి చేతిలో నుండి నేను తీసుకున్నాను.

ఇప్పుడు వాడు ఉద్యోగస్థుడు. ఆదివారం ఉదయాన మేడ్చల్ నుండి శామీర్‌పేట వెళ్లే దారి పక్కనున్న ఖాళీ జాగాలో చుట్టుపక్కల పిల్లలకు ఆట నేర్పుతాడు. ఆ జాగాలో సగం మేర ఇళ్ల ప్లాట్లకు హద్దురాళ్లు పాతారు. పిల్లలకు ప్రస్తుతం ఆ రాళ్లే గోలు స్తంభాలు. అక్కడ ఎప్పుడు గోడలు లేస్తాయో తెలియదు.

మొన్నటి ఆదివారం ఒక తల్లి తన కొడుకును వెంటబెట్టుకొని వచ్చింది. “పదో తరగతి చదువుతున్నాడు సార్. పరీక్షలయ్యాక పంపమంటారా?” అని అడిగింది. మావాడు సమాధానమివ్వకుండా నా వైపు చూశాడు.

“చదువు మాననివ్వకండి అమ్మా. వారానికి రెండు గంటలు మాత్రం ఇప్పుడే ఇవ్వండి” అన్నాను.

ఆ పిల్లవాడు అప్పటికే చెప్పులు విడిచి, హద్దురాళ్ల మధ్యకు పరుగెత్తుతున్నాడు.