పోగు, తొడుగు, తటస్థం

8 జులై 2024, సోమవారం

వైర్‌మ్యాన్ ట్రేడు పిల్లల కోసం తెలుగులో ఒక చేతిపుస్తకం మొదలుపెట్టి మూడు వారాలైంది. ఇవాళ మొదటి పేజీలు క్లాసులో చదివాను. 'బంధకం' దగ్గరే ఆగిపోవాల్సి వచ్చింది. "బంధకం అంటే ఏంట్రా?" అని అడిగితే వెనక బెంచీలోంచి ఒకడు తడుముకోకుండా, "రెండు వైర్లను కలిపేది సార్" అన్నాడు. మిగతావాళ్లూ తలలూపారు.

స్కూలు పుస్తకాల్లో బంధకమంటే కరెంటును పోనివ్వనిది: రబ్బరు, పింగాణీ, పీవీసీ. వీడికి తెలిసిన బంధం ముడి వేసేది. మాటను విన్నది విన్నట్టు అర్థం చేసుకున్నాడు, తప్పు వాడిదెలా అవుతుంది? కనెక్టరుకు పెట్టాల్సిన పేరు ఇన్సులేటరుకు అంటుకుంది. పరీక్షలో అయితే ఒక మార్కు పోతుంది. స్తంభం మీద అలా కాదు. పుస్తకంలో ఆ మాట కొట్టేసి ఇన్సులేషన్ అనే రాశాను. తెలుగు మాట తీసేస్తుంటే బాధగానే ఉంది.

10 జులై, బుధవారం

స్టోర్సులోంచి జానెడు ఆర్మర్డ్ కేబులు ముక్క తెచ్చి బల్ల మీద పొర పొరగా వలిచాను. పిల్లలు ప్రతి పొరనూ ఇన్సులేషన్ అనే అంటున్నారు. ఒక్కో పొర పని ఒక్కోటి. లోహం మీద ఉన్నది కరెంటును బయటికి రానివ్వదు. ఇన్సులేషనంటే అదొక్కటే. అలా ఇన్సులేషన్ ఉన్న నాలుగు కోర్లనూ కలిపి కప్పినది లోపలి తొడుగు. దాని మీద ఉక్కు తీగలు, గునపం దెబ్బ కాచుకోవడానికి. అన్నిటికీ పైన నల్లటి బయటి తొడుగు, తడికీ ఒరిపిడికీ.

షీత్‌కు తొడుగు, ఆర్మర్‌కు కవచం అని బోర్డు మీద రాశాను. ఈ రెండూ ఎవరికీ వివరించాల్సిన పని పడలేదు. కేబులు కొసను పెట్టెకు బిగించే గ్లాండును గ్లాండనే ఉంచాను. కోరు కొసకు నొక్కే లగ్గును లగ్గనే ఉంచి, కొన్ని షాపుల్లో థింబుల్ అంటారని పక్కన చేర్చాను. కవచం ఉక్కుది కాబట్టి గ్లాండు దగ్గర దాన్ని గట్టిగా పట్టించి ఎర్తుకు కలపాలి, లోపల ఇన్సులేషన్ దెబ్బతింటే ఆ ఉక్కే షాక్ కొడుతుంది. ఇది రెండుసార్లు చెప్పాను. పీవీసీ ఇన్సులేషన్ లోపలి లోహం 70 డిగ్రీల దాకా వేడెక్కవచ్చు, ఎక్స్‌ఎల్‌పీఈ అయితే 90 అని చెప్పి ముగించాను.

15 జులై, సోమవారం

వైరు కొనడానికి ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని బజారుకు వెళ్లాను. నేను రెండున్నర స్క్వేర్ ఎంఎం అడిగితే, కౌంటర్లో పెద్దాయన లోపలికి "త్రీ ట్వంటీ ఒక కాయిలు" అని కేకేశాడు. బయటికొచ్చాక పిల్లలు ఆ లెక్కేమిటని అడిగారు. ఇరవై గేజు పోగులు మూడు అని అర్థం. ఒక్కో పోగు మందం 0.914 మిల్లీమీటర్లు. మూడూ కలిపితే కోత వైశాల్యం రెండు చదరపు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. రెండున్నరకు సమానం కాదు, కానీ బజారులో రెండిటినీ ఒకటిగానే పిలుస్తారు. సెవెన్ ట్వంటీ అంటే అవే పోగులు ఏడు.

గేజు నంబరు పెరిగేకొద్దీ పోగు ఎందుకు సన్నబడుతుందో ఎలా చెప్పాలా అనుకుంటున్నాను. ఇద్దరిలో మంగళగిరి కుర్రాడు అందుకున్నాడు: "నూలు కౌంటు లాగా సార్. నలభై కన్నా ఎనభై సన్నం. మా ఇంట్లో ఎనభయ్యే నేస్తారు." నేను స్ట్రాండ్ అని రాసుకున్న చోటల్లా వాడు పోగు అంటున్నాడు. పోగులు మెలివేయడాన్ని పేనడం అన్నాడు. నేను నెల్లాళ్లుగా నిఘంటువుల్లో వెతుకుతున్న మాటలు వాడి ఇంట్లో మగ్గం పక్కనే ఉన్నాయి. రాత్రి కూర్చుని స్ట్రాండులన్నీ పోగులు చేశాను. చాలా రోజుల తర్వాత సంతోషంగా పని చేశాను.

21 జులై, ఆదివారం

న్యూట్రల్ పేజీ రాయలేకపోతున్నాను. పుస్తకాల్లో 'తటస్థ తీగ' అని ఉంది. తటస్థుడంటే ఎవరి జోలికీ పోనివాడు. ఆ మాట వింటే ముట్టుకున్నా ఏమీ కాదనిపిస్తుంది.

1996లో మా మేనమామ నల్ల తీగే ముట్టుకున్నాడు. ఆ ఇంటికి వైరింగ్ చేసిన మేస్త్రి, నల్లదాంట్లో ఏమీ ఉండదని చెప్పి వెళ్లాడట. బల్బు వెలగడం లేదని మామయ్య స్టూలెక్కాడు. స్విచ్ వేసే ఉంది. దూలం వెనక ఎక్కడో న్యూట్రల్ తెగింది. ఫేజు బల్బు గుండా వచ్చి, తిరిగి వెళ్లే దారి లేక, ఆ నల్ల కొస మీద 230 వోల్టులతో నిలబడి ఉంది. అత్తయ్య పరుగెత్తి మెయిన్ కట్టేసింది కాబట్టి మనిషి దక్కాడు. కుడిచేతి రెండు వేళ్లు ఇప్పటికీ ముడుచుకునే ఉన్నాయి. అన్నం ఎడంచేత్తో తింటాడు.

తటస్థ తీగ అని రాయను. న్యూట్రల్ అనే రాసి, కింద పెద్ద అక్షరాల్లో: ఇది కూడా కరెంటు మోసే తీగే. మెయిన్ కట్టి, టెస్టరు పెట్టి చూడకుండా ముట్టుకోవద్దు.

27 జులై, శనివారం

ప్రాక్టికల్స్. త్రీ పిన్ టాప్ బిగించడం. ఎర్తు పిన్ను పొడవుగా ఎందుకుందని నేను అడక్కముందే ఒకడు చెప్పాడు: "ముందు తగిలేది, చివర ఊడేది అదే సార్." ఒకడు పళ్లతో పీవీసీ లాగబోతే స్ట్రిప్పరు చేతికిచ్చాను. మంగళగిరి కుర్రాడు కటింగ్ ప్లేయర్‌తో వలిచి, కొసను వెలుతురుకు పట్టి చూసుకుని, "ఒక పోగు తెగింది సార్" అన్నాడు. మూడింట ఒకటి పోతే మిగిలిన రెండూ ఆ బరువంతా మోసి అక్కడే వేడెక్కుతాయి. నేనేమీ అనలేదు. వాడే ఆ కొస కత్తిరించి పారేసి, మళ్లీ మొదటినుంచి వలవడం మొదలుపెట్టాడు.