పసిపిల్లలకు సున్తీ: వైద్యం ఎంత, ఆచారం ఎంత?

ఈ విషయం గురించి వ్రాయమని అడిగినవారు కొందరు. వ్రాయవద్దని వారించినవారు అంతకంటె ఎక్కువ. మతంతో ముడిపడిన సంగతి, ఈ వయస్సులో మీకెందుకని వారి భావం. అయితే గత వేసవిలో ఒకే వారంలో నాకు ఎదురైన రెండు ప్రశ్నలు నన్ను ఊరకుండనివ్వలేదు.

మొదటిది నంద్యాలలో. మా వీధిలో ఉండే ఒక యువకుడు నాలుగేళ్ల కొడుకును వెంటబెట్టుకొని వచ్చాడు. "సార్, వీనికి ముందు తోలు అంటుకొని ఉందంట. ఉచ్చ పోసేటప్పుడు బుగ్గ మాదిరి ఉబ్బుతాంది. సున్తీ ఆపరేషన్ చెయ్యాలన్నారు. మా అమ్మ వద్దే వద్దంటాంది. ఏం చెయ్యమంటారు?" అని అడిగాడు.

రెండవది ఆళ్లగడ్డలో. అక్కడ నేను ఉద్యోగం చేసిన రోజులనుండి పరిచయమున్న ఒక పెద్దాయన మూడు నెలల మనవడిని ఎత్తుకొని వచ్చాడు. "వీనికి అల్లాయే సగం ఖత్నా చేసి పంపినాడు సార్. మిగిలిన సగం హజాంతో చేయించాల్నా, ఆస్పత్రికి తీసకపోవాల్నా?" అని అడిగాడు.

మొదటి కుటుంబానికి అది జబ్బుకు చికిత్స. రెండవ కుటుంబానికి అది విశ్వాసం. కత్తి ఒక్కటే. ఈ రెండింటినీ కలిపివేయడం వల్లనే మన ప్రాంతంలో ఇంత గందరగోళం ఏర్పడిందని నా అభిప్రాయం. కాబట్టి వేరువేరుగా పరిశీలిద్దాం.

ముందుగా శరీర ధర్మం. మగశిశువు పుట్టినప్పుడు శిశ్నాన్ని కప్పి ఉండే ముందరి చర్మం లోపలి భాగం, గోరు దాని క్రింది కండకు అంటుకొని ఉన్నట్లు, శిశ్నాగ్రానికి అంటుకొని ఉంటుంది. ఇది లోపం కాదు, ప్రకృతి ఏర్పాటు. 1949లో ఇంగ్లండుకు చెందిన పిల్లల వైద్యుడు డగ్లస్ గైర్డ్‌నర్ ప్రచురించిన పరిశీలన ప్రకారం, ఆ చర్మం పూర్తిగా వెనక్కి జరిగేది నూటికి నలుగురు నవజాత శిశువులలో మాత్రమే. మిగిలినవారిలో అది ఏళ్లు గడిచేకొద్దీ తనంతట తానే విడివడుతుంది. కొందరిలో పది పన్నెండేళ్లు దాటాక గాని పూర్తికాదు. 1968లో డెన్మార్క్ పాఠశాల బాలురపై వెలువడిన అధ్యయనంలో, పదిహేడేళ్లకు బిగుతు మిగిలినవారు నూటికి ఒక్కరే. మూత్రం పోసేటప్పుడు చర్మం కొంచెం ఉబ్బి, వెంటనే ధార సాఫీగా వస్తుంటే అది కూడా ఈ విడివడే ప్రక్రియలో భాగమే.

ఈ మాటలు ఇంత ధీమాగా చెప్పే అర్హత నాకు మొదటినుండీ లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, చర్మం వెనక్కి రాని ప్రతి పిల్లవాడి చీటీ మీదా 'ఫైమోసిస్' అని వ్రాసి శస్త్రచికిత్సకు పంపినవాడిని నేను. అంతేకాదు, నూనె పెట్టి నీళ్లు పోసేటప్పుడు రోజూ చర్మాన్ని వెనక్కి లాగి కడగమని తల్లులకు చెప్పేవాడిని. ఒక రాత్రి ఒక తల్లి రెండేళ్ల బాబును ఎత్తుకొని పరుగున వచ్చింది. నేను చెప్పినట్లే లాగింది. వెనక్కి జరిగిన చర్మం మళ్లీ ముందుకు రాలేదు. అది ఉంగరంలా బిగుసుకొని, కొన వాచి నల్లబడుతున్నది. దీనిని పారాఫైమోసిస్ అంటారు. గంటసేపు శ్రమించి సరిచేయగలిగాను. కానీ లోపల చిట్లిన చోట మచ్చకట్టి, చర్మం నిజంగానే బిగిసిపోయింది. ఏడాది తిరిగేసరికి ఆ బాబుకు సున్తీ తప్పలేదు. లేని జబ్బుకు మందు చెప్పి, ఉన్న జబ్బును నేనే సృష్టించాను. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. ఈనాటికీ నన్ను బాధించేది అదే.

మరి సున్తీ నిజంగా అవసరమయ్యే సందర్భాలు లేవా? ఉన్నాయి. చర్మం కొన తెల్లబడి, గట్టిపడి, మచ్చకట్టినప్పుడు. మాటిమాటికీ చీము పట్టినప్పుడు. మూత్రం మూత్రపిండాల వైపు వెనక్కి తన్నే లోపం ఉండి పదేపదే ఇన్ఫెక్షన్లు వస్తున్నప్పుడు. మచ్చలేని మామూలు బిగుతుకు, చికిత్స కావలసివస్తే, వైద్యుని సలహాపై నాలుగు నుండి ఎనిమిది వారాలు స్టెరాయిడ్ పూతమందు రాస్తే చాలామందిలో కత్తి అవసరం రాదు. నంద్యాల బాబుకు నేను చేసిన చికిత్స ఏమిటంటే, ఏమీ చేయకపోవడం. ధార బాగుంది, మంట లేదు, మచ్చ లేదు. "దాని జోలికి పోకండి, పైపైన కడగండి చాలు" అని చెప్పి పంపాను.

ఆళ్లగడ్డ బాబు సంగతి వేరు. సగం ఖత్నా అని వారు మురిసిపోతున్నది హైపోస్పేడియాస్ అనే పుట్టులోపం. మూత్రరంధ్రం కొన మీద గాక అడుగుభాగాన ఉన్నది. చర్మం పైన మాత్రమే ముసుగులా ఉండి, క్రింద లేదు. దీనినే మన పల్లెల్లో 'పుట్టు సున్తీ' అని శుభసూచకంగా భావిస్తారు. ఆ మిగిలిన చర్మమే ఆ పిల్లవాడి ఆస్తి. సాధారణంగా ఆరు నుండి పద్దెనిమిది నెలల వయస్సులో చేసే శస్త్రచికిత్సలో మూత్రమార్గాన్ని, దాని పైకప్పును సరిచేయడానికి ఆ చర్మమే పనికివస్తుంది. హజాం దానిని కోసివేసి ఉంటే సర్జన్‌కు పని ఎంతో కష్టమయ్యేది. "ఇప్పుడు ఏమీ కోయించవద్దు. పిల్లల సర్జన్‌కు చూపించండి. ఆ ఆపరేషన్‌లో మీ ఆచారమూ పూర్తయినట్లే" అని చెప్పాను. పెద్దాయన తేలికపడ్డాడు.

నిజానికి ఆ రోజు తేలికపడినవాడిని నేను. ఎందుకంటే ఆ బాబు పూర్తి ఆరోగ్యవంతుడై ఉంటే, నేను చెప్పవలసిన సమాధానం అంత సులభం కాదు.

ప్రపంచ వైద్యులు ఈ విషయంలో ఏకాభిప్రాయంతో లేరు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2012లో, లాభాలు నష్టాలకంటె ఎక్కువేనని, కానీ శిశువులందరికీ సిఫారసు చేసేటంత కాదని తేల్చింది. అంతకు రెండేళ్ల ముందే, 2010లో నెదర్లాండ్స్ వైద్యుల సంఘం, వైద్య కారణం లేని సున్తీ బిడ్డ శరీర హక్కుకు విరుద్ధమని ప్రకటించింది. అయినా నిషేధం కోరలేదు. నిషేధిస్తే రహస్యంగా, ప్రమాదకరంగా జరుగుతుందని భయపడింది. 2012లో జర్మనీలోని కొలోన్ కోర్టు దీనిని దేహహింసగా పరిగణిస్తే, అదే ఏడాది డిసెంబరులో అక్కడి పార్లమెంటు షరతులతో అనుమతిస్తూ చట్టం చేసింది. మన దేశంలో 2023లో దీనిని నిషేధించాలన్న వ్యాజ్యాన్ని కేరళ హైకోర్టు కొట్టివేసింది.

లాభాలను కూడా దాచకూడదు. ఆఫ్రికాలో పెద్దవారైన పురుషులపై జరిగిన మూడు పరీక్షలలో, స్త్రీలనుండి పురుషులకు హెచ్ఐవి సోకే అవకాశం సుమారు 60 శాతం తగ్గింది. అయితే అవి తమకు తాము అంగీకరించిన పెద్దలపై, వ్యాధి విస్తారంగా ఉన్న ప్రాంతాలలో జరిగినవి. పసివాడు పెద్దయ్యాక ఆ నిర్ణయం తానే తీసుకోవచ్చు. శిశువులలో మూత్ర ఇన్ఫెక్షన్లు తగ్గడం నిజమే. కానీ ఆరోగ్యవంతులలో ఒక్క ఇన్ఫెక్షన్ నివారించడానికి సుమారు 110 మందికి సున్తీ చేయాలని 2005లో ఒక విశ్లేషణ లెక్కకట్టింది. అదే విశ్లేషణ ఆపరేషన్ చిక్కులను నూటికి రెండుగా తీసుకుంది. ఈ లెక్కతో ఆరోగ్యం పేరు చెప్పి పసివాడిని బల్లమీద పడుకోబెట్టడానికి నా మనస్సు ఒప్పదు.

ఈ మాటే ఆళ్లగడ్డ పెద్దాయనతో అన్నాను. ఆయన నవ్వి, "మీ మనవరాలికి చెవులు కుట్టించేటప్పుడు ఆ పాపను అడిగినారా సార్?" అన్నాడు. అడగలేదు. చెవి కన్నం పూడుతుంది, కోసిన చర్మం తిరిగి రాదు అని జవాబు చెప్పాను గాని, ఆ ప్రశ్న నన్ను ఇంటిదాకా వెంబడించింది. బిడ్డను తమవాడిగా చేసుకోవాలన్న ఆరాటం ఏ మతంవారికైనా ఒక్కటే. ఆ ఆరాటాన్ని అనాగరికమని కొట్టిపారేసే వైద్యుడు ఆ కుటుంబాన్ని నేరుగా హజాం వద్దకు పంపుతున్నట్లే.

దాని పర్యవసానం నేను చూశాను. 1980ల్లో ఒక ఐదేళ్ల బాలుడిని గుడ్డ కాల్చిన బూడిద అద్దిన గాయంతో, రెండు రోజులుగా ఆగని రక్తంతో తెచ్చారు. మేనమామ చిన్నప్పుడే ఇలాగే రక్తం ఆగక పోయాడని అప్పుడు గాని చెప్పలేదు. హిమోఫీలియా. రక్తం ఎక్కించి ఎట్లాగో దక్కించుకున్నాం. ఎనిమిదవ రోజున తప్పనిసరిగా సున్తీ చేసే యూదుల తాల్మూద్ గ్రంథం సైతం, అన్నలిద్దరు దానివల్ల మరణిస్తే మూడవవాడికి మినహాయింపు ఇచ్చింది. బిడ్డ ప్రాణంకంటె ఆచారం పెద్దదని ఆచారమే చెప్పలేదన్నమాట. ఇస్లాంలోనూ దీనికి అందరూ అంగీకరించిన ఒకే వయస్సు లేదు. కాబట్టి ఆగడానికి వీలున్నది.

నా నిర్ణయం ఇది. జబ్బు లేనప్పుడు జబ్బు పేరు చెప్పి సున్తీ చేయరాదు. విశ్వాసంతో అడిగినవారికి, ఇది వైద్య అవసరం కాదని, పిల్లవాడు ఎదిగి తానే చెప్పేదాకా ఆగవచ్చని ముందుగా నిజం చెప్పాలి. అయినా చేయిస్తామంటే సురక్షితమైన చేతిని నిరాకరించరాదు. పసివాడి హక్కుకు ఇది పూర్తి న్యాయమని నేను అనను. బూడిద అద్దిన గాయాన్ని చూసినవాడు ఇంతకంటె మంచి దారి కనుగొనలేకపోయాడు, అంతే.

తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసినవి:

1. పసివాడి ముందరి చర్మాన్ని బలవంతంగా వెనక్కి లాగకండి. ఎవరినీ లాగనివ్వకండి. వెనక్కి పోయి ముందుకు రాకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

2. ఆపరేషన్ అన్నప్పుడు "మచ్చ ఉందా? పూతమందు సరిపోదా?" అని అడగండి. రెండవ అభిప్రాయం తీసుకోవడం డాక్టరును అవమానించడం కాదు.

3. 'పుట్టు సున్తీ' అన్న మాట వినబడితే కత్తి తగలనివ్వకుండా పిల్లల సర్జన్‌కు చూపించండి.

4. తల్లివైపు మగవారిలో రక్తం ఆగని జబ్బు ఉందేమో ముందుగానే చెప్పండి.

5. పసివాడికి నొప్పి తెలియదనడం అబద్ధం. మేము చదువుకున్న రోజుల్లో మాకూ అలాగే బోధించారు. మత్తు లేకుండా సున్తీ చేసిన శిశువులు నెలల తరువాత టీకా సూదికి కూడా ఎక్కువగా ఏడ్చారని 1997లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. మొద్దుబార్చే మందు లేకుండా చేయనివ్వకండి.

6. తరువాత రక్తం ఆగకపోయినా, పన్నెండు గంటల్లో మూత్రం రాకపోయినా, జ్వరం వచ్చినా తెల్లవారేదాకా ఆగకండి.

ఆళ్లగడ్డ బాబుకు ఆపరేషన్ జరిగిందని, కోలుకుంటున్నాడని మొన్న పెద్దాయన ఫోన్ చేశాడు. విందుకు రమ్మన్నాడు. వెళతాను. చెవి కమ్మల ప్రశ్నకు మాత్రం ఇంకా సరైన సమాధానం దొరకలేదని ఆయనతో ఒప్పుకోవాలి.