కొలరాడో నదిపై ఒక పగలు

నీటిని చూడగానే పరవశించేవారు కొందరైతే, నీటిని చూడగానే ఒక అడుగు వెనుకకు వేసేవారు మరికొందరు. యాభై ఏళ్లకు పైగా నేను రెండవ కోవకు చెందినవాణ్ణి. అందుకు కారణం ఉంది.

మాది కడప జిల్లాలో, జమ్మలమడుగుకు సమీపాన, పెన్నా నది ఒడ్డున ఒక చిన్న పల్లె. పెన్న అంటే మాకు ఇసుకే. ఏడాదిలో ఎక్కువ నెలలు చెలమలు తవ్వి నీళ్లు తోడుకొనేవాళ్లం. అటువంటి నదికి ఒక కార్తీకమాసంలో, ఎక్కడో ఎగువన కురిసిన వానలకు, హఠాత్తుగా వరద వచ్చింది. నాకప్పుడు పదేళ్లు. మా అన్నకు పద్నాలుగు. అవతలి ఒడ్డు నుంచి మేకలను తోలుకొని వస్తూ అన్న నది నడుమ చిక్కుకున్నాడు. ఒడ్డున చేరిన మేమందరమూ "నిలబడు! కాళ్లు మోపి నిలబడు!" అని గొంతు చించుకొని అరిచాము. నా గొంతు కూడా అందులో ఉంది. అన్న నిలబడటానికి ప్రయత్నించాడు. ఒక్కసారి నడుము వరకు కనిపించాడు. ఆ తరువాత కనిపించలేదు.

అటు పిమ్మట నేను ఏ పడవా ఎక్కలేదు. ముప్పై ఏళ్లు బడిలో విజ్ఞానశాస్త్రం బోధించాను. ప్రవాహాల గురించి పాఠాలు చెప్పాను. కాని ప్రవాహంలో కాలు పెట్టలేదు. ఉద్యోగ విరమణ చేసిన తరువాత అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఉంటున్న మా అమ్మాయి ఇంటికి వెళ్లాను. ఒకనాడు ఆమె, "నాన్నా! గండికోట లోయను చూస్తూ పెరిగినవాడివి. గ్రాండ్ కాన్యన్‌ను పైనుంచి చూసి వెళ్లిపోతావా? నదిలో ఒక రోజు ప్రయాణానికి టిక్కెట్లు తీసుకున్నాను" అంది. కాదనబోయాను. ఇంతలో పదకొండేళ్ల మనవరాలు నా చేయి పట్టుకొని, "తాతా! పడవలో నువ్వు నా పక్కనే కూర్చోవాలి" అంది. ఆ పిల్ల ముందు నా భయం చెప్పుకోవడానికి నోరు రాలేదు.

పీచ్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊరి నుంచి తెల్లవారుజామున మా బస్సు బయలుదేరింది. అది హువాలపై అనే ఆదివాసుల ఊరు. ఆ పేరుకు 'ఎత్తైన పైను చెట్ల జనం' అని అర్థం. 1883లో ఏర్పడిన వారి రక్షిత ప్రాంతం కొలరాడో నది వెంట 108 మైళ్ల మేర వ్యాపించి ఉంది. సుమారు ముప్పై కిలోమీటర్ల మట్టిదారిలో, ఎండిన వాగును పలుమార్లు దాటుతూ, డైమండ్ క్రీక్ అనే చోట నది ఒడ్డుకు చేరుకున్నాము. ఎటు చూసినా బండలు, ముళ్లపొదలు, బొమ్మజెముడు జాతి మొక్కలు. ఆకాశం ఇరుకైన నీలి పట్టీలా కనిపించింది. మా సీమ కొండలే ఎవరో పది రెట్లు పెంచి నిలబెట్టినట్లు తోచింది.

మా మార్గదర్శి ఒక హువాలపై యువతి. లైఫ్‌జాకెట్ల పట్టీలను తానే స్వయంగా బిగించి, జాగ్రత్తలు చెప్పింది. "తాడును వదలకండి. ఒకవేళ నీటిలో పడితే, ఎట్టి పరిస్థితిలోనూ నిలబడటానికి ప్రయత్నించకండి. పాదం రాళ్ల సందున చిక్కుకుంటుంది. ప్రవాహం వెనుక నుంచి నెట్టి మిమ్మల్ని బోర్లా ముంచివేస్తుంది. వెల్లకిలా తేలండి. కాళ్లు పైకెత్తి, దిగువకు చాచండి. మేము వచ్చి అందుకుంటాం."

మనవరాలు శ్రద్ధగా తల ఊపింది. నేను కదలలేకపోయాను. యాభై ఏళ్ల నాటి అరుపు నా చెవులలో మారుమోగింది. 'నిలబడు!' మేము అన్నకు చెప్పవలసిన మాట అది కాదా? ఆ క్షణంలో పడవ దిగి వెనుకకు వెళ్లిపోవాలనిపించింది. కాని చిన్న చేయి ఒకటి నా వేళ్లను గట్టిగా పట్టుకొని ఉంది.

మోటారు అమర్చిన పెద్ద రబ్బరు పడవ ప్రవాహంలోకి సాగింది. పక్క లోయల నుంచి మెరుపు వరదలు బండరాళ్లను దొర్లించుకొని వచ్చి నదిలో పడవేస్తాయి. దారి ఇరుకై, అడ్డంకులు ఏర్పడి, నీరు ఎగిసిపడుతుంది. అటువంటి చోట్లను అక్కడివారు ర్యాపిడ్లు అంటారు. ఎడారికి ఈ రూపాన్ని ఇచ్చింది కూడా ప్రధానంగా నీరే. పెన్నలో వచ్చిన వరదకూ, ఇక్కడి వరదకూ స్వభావంలో భేదం లేదని అప్పుడు గ్రహించాను.

మొదటి అల గోడలా లేచి మా మీద విరిగిపడింది. గ్లెన్ కాన్యన్ ఆనకట్ట నుంచి దిగివచ్చే ఆ నీరు అంత ఎండలోనూ వణుకు పుట్టించింది. పడవ ముందు భాగం పైకి లేచి, మరుక్షణం గోతిలోకి దిగింది. నేను కళ్లు మూసుకున్నాను. మనవరాలు కేరింతలు కొట్టింది. ఇరువైపులా నల్లని శిలలు నునుపుగా మెరుస్తున్నాయి. భూగర్భ శాస్త్రవేత్తలు వాటిని 'విష్ణు షిస్ట్' అని పిలుస్తారు. వాటి వయస్సు 170 కోట్ల ఏళ్లకు పైమాటే. 232వ మైలు వద్ద నీటి అడుగున కోరల వంటి బండలున్నాయని చెప్పి, మార్గదర్శి వాటిని చాకచక్యంగా తప్పించింది. ఆమె కళ్లు నీటి మీద ఉన్నాయి. నా కళ్లు ఆమె మీద ఉన్నాయి.

మధ్యాహ్నం సెపరేషన్ కాన్యన్ అనే చోటికి చేరాము. 1869లో జాన్ వెస్లీ పావెల్ బృందం ఈ నదిని శోధిస్తూ ఇక్కడికి వచ్చింది. అంతర్యుద్ధంలో ఒక చేతిని కోల్పోయిన సైనికుడు ఆయన. పది మందితో, నాలుగు పడవలతో బయలుదేరిన బృందంలో అప్పటికి తొమ్మిది మందే మిగిలారు. ముందున్న భీకర ప్రవాహాన్ని చూసి ముగ్గురు ఇక నదిని నమ్మలేక, ఆగస్టు 28న కొండలెక్కి వెళ్లిపోయారు. వారు తిరిగి కనిపించలేదు. నదిని నమ్మిన ఆరుగురు రెండు రోజులలో లోయ దాటి బయటపడ్డారు. ఆనాటి ర్యాపిడ్ హూవర్ ఆనకట్ట నీటిలో మునిగిపోయింది.

"వాళ్లు పిరికివాళ్లా తాతా?" అని మనవరాలు అడిగింది. "కాదమ్మా. ఏది క్షేమమో ఆ ఒడ్డున నిలిచినవారికి ఎవరికీ తెలియదు. తమకు తెలిసినదానిని బట్టి నిర్ణయించుకున్నారు" అన్నాను. ఆ మాట అన్న తరువాత చాలాసేపు మౌనంగా ఉండిపోయాను. నేను సమాధానం చెప్పింది ఆ పిల్లకు మాత్రమే కాదు.

నది శాంతించిన చోట, కోరినవారు కొద్దిసేపు నీటిలో దిగవచ్చునని మార్గదర్శి చెప్పింది. నేను లేవడం చూసి మా అమ్మాయి ఆశ్చర్యపోయింది. పడవ తాడును ఒక చేత పట్టుకొని మెల్లగా దిగాను. చలికి ఊపిరి బిగుసుకుంది. పాదాలు తమంతట తామే అడుగును వెదికాయి. వాటిని బలవంతంగా పైకెత్తి, దిగువకు చాచి, వెల్లకిలా వాలాను. నది నన్ను మోసింది. పైన ఎర్రని గోడల నడుమ నీలి ఆకాశం నెమ్మదిగా కదిలింది. నా కంటి నీరు నది నీటిలో కలిసిపోవడం ఎవరూ గమనించలేదు.

ఆనాడు వరదలో అన్న వెల్లకిలా తేలి ఉంటే బతికేవాడని నేను చెప్పలేను. మేము ప్రేమతోనే అరిచాము, తెలియక అరిచాము. ప్రేమకు తెలివిడి కూడా తోడు కావాలి. నీటికి భయపడి దూరంగా ఉన్నన్నాళ్లూ దానిని గురించి నేను నేర్చుకున్నది శూన్యం. అందుకే ఊరికి తిరిగి వచ్చాక నేను చేసిన మొదటి పని, మా పల్లె పిల్లలను పెన్న ఒడ్డున ఇసుకలో కూర్చోబెట్టి, వరదలో చిక్కుకుంటే ఏమి చేయాలో చెప్పడం. ఎండిన నదిని చూసి పిల్లలు నవ్వారు. ఏదో ఒకనాడు ఇందులో నీళ్లు వస్తాయని వారికి చెప్పాను.