పేరు లేని చీటీ

మొన్న శ్రీరామనవమికి బందరులో మా వీధి పందిట్లో డీజే పెట్టారు. కిటికీ తలుపులు దడదడలాడాయి కానీ, పాటలో ఒక్క మాట అర్థమైతే ఒట్టు! మా పిల్లలేమో సూపర్ అంటారు. నాకు మా పుట్టింటి పందిరి గుర్తొచ్చింది.

మాది గుడివాడ. నా చిన్నప్పుడు నవమి పందిట్లో ఆఖరి రాత్రి ఆర్కెస్ట్రా ఉండేది. బెజవాడ నుంచి వ్యానులో దిగేవారు. మేం సాయంత్రమే చాపలు పరిచి జాగా పట్టేవాళ్లం. ఎడమ పక్క ఆడవాళ్లు, కుడి పక్క మగవాళ్లు. చేతిలో విసనకర్ర, కొంగులో వేరుశెనక్కాయలు. ప్రార్థన కాగానే మొదటి పాట ఘంటసాలదే. 1922లో మా గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన మనిషి కదా, ఆయన తర్వాతే ఇళయరాజా అయినా ఇంకొకరైనా! గీతాంజలి పాటలు ఎత్తుకుంటే మాత్రం కుర్రాళ్ల ఈలలు ఆగేవి కావు.

నచ్చిన పాట కావాలంటే చీటీ రాసి, రెండు రూపాయలు జతచేసి స్టేజీ మీదకి పంపాలి. ఫలానా వీధి ఫలానావారు కోరిన పాట అని మైకులో చదివేవారు. ఆ పేరు వినపడడం కోసమే రాసేవాళ్లూ ఉండేవారు లెండి.

మా అమ్మ కూడా ఏటా నాచేత ఒక చీటీ పంపేది. లవకుశలో లవుడూ కుశుడూ కలిసి పాడే పాట. కింద పేరు ఉండేది కాదు. ఆ పాట వస్తున్నంతసేపూ తల దించుకుని చాప పుల్లలు పీకుతుండేది.

1990లో, నాకప్పుడు పదకొండేళ్లు, మైకు దగ్గరాయన "ఈ ఏడూ పేరు లేని చీటీ వచ్చింది, ఎవరమ్మా ఆ తల్లి?" అన్నాడు. నేను లేచి నిలబడి "మా అమ్మే!" అని అరిచాను. పందిరంతా చప్పట్లు. స్టేజీ మీదకి రమ్మన్నారు కూడా. అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, నన్ను రెక్క పట్టుకుని ఇంటికి లాక్కొచ్చింది. పదిమందిలో పరువు పోయిందన్నారు నాన్నగారు. మరుసటేడు నుంచి మాకు పందిరి లేదు, డాబా మీద కూర్చుని మైకు వినడమే. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

పెళ్లయ్యాక మా పిన్ని చెప్పింది అసలు సంగతి. అమ్మ పుట్టిల్లు దివిసీమలో, కోడూరు దగ్గర. వాళ్ల ఊరి నవమి పందిట్లో ఆ పాట అమ్మ, మా మావయ్య కలిసి పాడేవారట. 1977 నవంబర్ 19 ఉప్పెనలో మావయ్య పోయాడు. సర్కారు లెక్కలోనే దగ్గర దగ్గర 10,000 మంది పోయారు, అందులో ఒకడు. ఆ తర్వాత అమ్మ నోరు తెరిచి పాడలేదు.

ఇప్పుడు అమ్మ నా దగ్గరే ఉంటోంది. డీజే ఆగిపోయిన మర్నాడు, ఏమీ చెప్పకుండా ఫోనులో ఆ పాట పెట్టి గట్టు మీద ఉంచాను. చిక్కుడుకాయలు తుంచుతున్న అమ్మ చెయ్యి ఆగింది. ఫోను ఆపెయ్యమంది. తప్పు చేశాననుకున్నాను. కాసేపటికి సన్నగా తనే ఎత్తుకుంది. రెండో గొంతు రావాల్సిన చోట ఆగి నా వంక చూసింది. నాకు పాట సరిగ్గా రాదు. అయినా అందుకున్నాను.

ఆ పూట చారు పోపు మాడింది.