పెట్టె మనదే... మోతా మనదే!

లండన్‌లో పిల్లల దగ్గరికెళ్లిన పెద్దవాళ్లకి పారిస్ కూడా చూసెయ్యాలనిపించడం మామూలే. సెయింట్ పాంక్రస్ స్టేషన్లో యూరోస్టార్ రైలెక్కితే సుమారు రెండుంబావు గంటలు. దారిలో 50 కిలోమీటర్ల సొరంగం, అందులో 38 కిలోమీటర్లు సముద్రం అడుగునే!

రైలే కదా అని ఆఖరి నిమిషంలో పరుగెత్తితే కుదరదు. సామాను స్కానింగ్, ఫ్రాన్స్ పోలీసుల పాస్‌పోర్టు తనిఖీ అన్నీ లండన్‌లోనే అయిపోతాయి. మనకైతే షెంజెన్ వీసా తప్పనిసరి. తిరిగొచ్చేందుకు బ్రిటన్ వీసా గడువూ చూసుకోవాలి.

ఇక లగేజీ. 85 సెంటీమీటర్లు దాటని పెట్టెలు రెండు, చేతిసంచి ఒకటి. విమానంలోలా కిలోలు తూచరు. అది వినగానే మనవాళ్లు సంబరపడిపోయి కుక్కేస్తారు. అసలు తిరకాసు అక్కడే. స్కానింగ్ బెల్టు మీదికి ఎత్తడం, బోగీలోకి ఎక్కించడం, అరల్లో సర్దడం... అన్నీ మనమే. ఎర్రచొక్కా కూలీ సికింద్రాబాద్‌లోనే ఉండిపోయాడు మరి! అందుకే ముందురోజే నిండు పెట్టెను ఎవరి సాయం లేకుండా ఎత్తి మంచం మీద పెట్టి చూడండి. లేవకపోతే సగం తీసేయండి. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలకైతే ఇద్దరికీ కలిపి ఒక చిన్న పెట్టె చాలు. ఇండియా నుంచి తెచ్చిన పెద్దవి పిల్లల ఇంట్లోనే ఉంచేయొచ్చు.

ఆవకాయకు ఇక్కడ 100 మిల్లీలీటర్ల బెడద లేదు, మూత బిగిస్తే చాలు. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు. బ్రిటన్ విడిపోయాక, 2021 నుంచి అక్కడి పాల పదార్థాలు, మాంసం ఫ్రాన్స్‌లోకి తీసుకెళ్లనివ్వరు.

పారిస్‌లో గార్ దు నార్‌లో దిగుతారు. అక్కడి మెట్రో స్టేషన్లలో చాలావాటికి లిఫ్టుల్లేవు, మెట్లే. టాక్సీకి కాసిని యూరోలు పక్కన పెట్టుకోండి.