ఆరిన దీపాన్ని నమ్మడం

అంబాసిడర్ కార్ల తయారీ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 2014లో ఆగిపోయింది. బండ్లు మాత్రం ఇంకా అక్కడక్కడా తిరుగుతూనే ఉన్నాయి. వాటిలో డైనమో ఉన్న పాతవాటికి తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలుగుతుంది, ఇంజను అందుకోగానే ఆరిపోతుంది. వెలిగితే చార్జింగ్ లేదు, ఆరితే ఉంది. ఆ ఆరిపోవడంలో ఒక అందం ఉంది.

ఆ బల్బుకు ఒక కొస బ్యాటరీ వైపు, రెండో కొస డైనమో వైపు ఉంటాయి. ఇంజను కదలనప్పుడు బ్యాటరీ కరెంటు బల్బు గుండా డైనమోలోకి వెళ్లి ఎర్త్ అవుతుంది. డైనమో వేగమందుకుని బ్యాటరీకి దీటైన వోల్టేజి పుట్టించాక కరెంటుకు ఎటూ పోవలసిన అవసరం ఉండదు. రెండు బలాలు సరితూగినందువల్లే దీపం ఆరుతుంది. వెలుగును శుభమనుకునే మనకు ఇక్కడ చీకటే క్షేమవార్త.

అయితే బల్బు మాడినా అదే చీకటి. ఆయిల్ ప్రెషర్ దీపం సంగతీ అంతే. ఒత్తిడి లేనప్పుడు ఇంజను మీది స్విచ్ దాని వైరును ఎర్త్ చేస్తుంది, ఒత్తిడి రాగానే వదిలేస్తుంది. ఆ వైరు ఒరిసి బాడీకి తగిలితే దీపం ఆరనే ఆరదు, ఊడిపోతే వెలగనే వెలగదు. మొదటిది లేని భయం, రెండోది లేని ధీమా. భయపెట్టేదాన్ని వెంటనే బాగుచేయిస్తాం. ధీమా ఇచ్చేదాని జోలికి ఎవరూ పోరు.

ఆయిల్ దీపం వెలగకపోతే ఎలక్ట్రీషియన్ తాళం తిప్పి ఉంచి, ఆ స్విచ్ వైరు ఊడదీసి ఇంజనుకు తాకిస్తాడు. వెలిగితే బల్బూ వైరూ బాగున్నట్టే, అనుమానం స్విచ్ మీదికి పోతుంది. దీపం నిజం చెప్పగలదో లేదో తేల్చడానికి దానిచేత ఒక అబద్ధం చెప్పించాలన్నమాట.

డైనమోల స్థానంలో తరవాత వచ్చిన చాలా ఆల్టర్నేటర్లలో చార్జింగ్‌కు తొలి ప్రేరణ ఆ చార్జింగ్ బల్బు గుండా వెళ్లే కరెంటే. అది మాడితే చార్జింగే మొదలుకాకపోవచ్చు. కబురు చెప్పేదే కార్యంలోనూ పాలుపంచుకుంటుంది.

అందుకే తాళం తిప్పాక, స్టార్టు చేసేముందు, ఆ దీపాలు వెలిగాయో లేదో ఒక్క క్షణం చూడాలి. ముందు వెలిగి ఆరిన దీపాన్నే నమ్మవచ్చు.